పాత జీపులు నాలుగు, నడిచే బండి ఒకటి – 3వ పాఠం: యాక్సిళ్ల జత కుదర్చడం

నాలుగు పాత జీపుల భాగాలతో నడిచే బండి ఒకటి కడుతున్నాం. గత పాఠంలో దానికి ఛాసిస్ (అడుగు చట్రం) ఎంచుకున్నాం. రెండు కర్ణాల కొలతల్లో 3 మిల్లీమీటర్లకు మించి తేడా లేనిదే మిగిలింది. ఇక దాని కిందికి యాక్సిళ్లు (ఎడమ కుడి చక్రాలను కలిపే ఇరుసులు) రావాలి.

కుప్పలో తుప్పు తక్కువున్నవి రెండు చూసి ఎత్తి బిగించేస్తుంటారు. అక్కడే దెబ్బతింటారు. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకీ, 1945లో పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏకీ ముందు వెనక చక్రాల మధ్య దూరం ఒకటే, 80 అంగుళాలు. యాక్సిళ్లూ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపలి గేర్ల పళ్లు లెక్కపెడితే గాని తేడా బయటపడదు: ఎంబీలో పినియన్‌కు (ఇంజిన్ శక్తిని తెచ్చే షాఫ్టు చివరి చిన్న గేరు) 8, క్రౌన్‌కు (అది తిప్పే పెద్ద గేరు) 39, అంటే నిష్పత్తి 4.88. సీజే-2ఏలో 8, 43, అంటే 5.38.

ముందు 5.38, వెనక 4.88 పెట్టారనుకోండి. రెండు చక్రాల డ్రైవ్‌లో బండి హాయిగా నడుస్తుంది, ఏ జబ్బూ కనిపించదు. ఫోర్‌వీల్ వేశాక ముందు చక్రాలు 100 చుట్లు తిరిగేలోపు వెనకవి 110 తిరగాలని చూస్తాయి. బురదలో టైర్లు జారి ఆ తేడాను మింగేస్తాయి. గట్టి నేల మీద జారే వీల్లేదు కాబట్టి షాఫ్టుల్లో మెలి బిగుసుకుంటుంది. టైర్లు కీచుమంటాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) లివర్ వెనక్కి రానంటుంది, చివరికి షాఫ్టు క్రాసో (షాఫ్టు చివరి కీలు), లోపలి గేరో పోతుంది. లివర్ ఇరుక్కుందని లింకేజీ విప్పి కూర్చుంటే రోజంతా వృథా.

నిష్పత్తి తెలుసుకోవడానికి డిఫరెన్షియల్ (యాక్సిల్‌లో ఈ గేర్లుండే భాగం) విప్పక్కర్లేదు. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ రెండూ న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, ఆ పక్క యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. మిగతా మూడు చక్రాలకూ దిమ్మెలు తప్పనిసరి. ఎందుకంటే ఈ బండ్లలో హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకున్న డ్రమ్ముకు పడుతుంది. దాన్ని వదిలితే తప్ప షాఫ్టు తిరగదు.

టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టండి. రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి లేపిన చక్రం 2 చుట్లు తిరిగితే క్రౌన్ 1 చుట్టు తిరుగుతుంది. చక్రాన్ని 20 చుట్లు తిప్పి షాఫ్టు చుట్లు లెక్కపెట్టండి. 48 ముప్పావు వస్తే 4.88, 53 ముప్పావు వస్తే 5.38. రెండే చుట్లతో సరిపెడితే తేడా అర చుట్టే. గేర్ల లూజులో అది కలిసిపోతుంది. ముందు యాక్సిల్‌కూ ఇదే పద్ధతి, కాకపోతే ఫ్రీవీల్ హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్టుల నుంచి విడదీసేవి) ఉంటే లాక్ చేయాలి. విడిగా పడున్న యాక్సిల్ అయితే ఒక పక్క చక్రం డ్రమ్మును కదలకుండా బిగించి, రెండో పక్కది తిప్పండి.

నిష్పత్తి కలిసినా ఇంకో మెలిక ఉంది. పాత మోడళ్లలో డిఫరెన్షియల్ గుమ్మటం (గేర్ల చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే భాగం) యాక్సిల్ మధ్యలో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ షాఫ్టు వచ్చే పక్కకే ఉంటుంది. 1972లో సీజేలకు డానా 20 అనే కొత్త ట్రాన్స్‌ఫర్ కేస్ వచ్చాక వెనక గుమ్మటం మధ్యకు జరిగింది. ఆ యాక్సిల్‌ను పాత ట్రాన్స్‌ఫర్ కేస్‌కు కలిపితే షాఫ్టు అడ్డంగా వంకర పడి క్రాసులు త్వరగా అరుగుతాయి.

జత కుదిరాక ఆయిల్ దించండి. పాలలా ఉంటే నీళ్లు చేరాయి, బేరింగులు చూడాల్సిందే. కాస్త వేళ్ల మధ్య రుద్దండి: వెండి మెరుపు మామూలే, గోటికి తగిలే ముక్క వస్తే కవర్ విప్పక తప్పదు. పన్ను విరిగి ఉంటే క్రౌన్ ఒక బండిది, పినియన్ ఇంకో బండిది వేయకండి. ఆ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసిన జత. విడదీస్తే మోత మొదలవుతుంది, అరుగుదల దాని వెంటే వస్తుంది. మార్చాలంటే జతగానే మార్చాలి.

వచ్చే పాఠానికి ముందు ప్రతి యాక్సిల్‌కూ రేకు బిళ్ల కట్టి, ఏ బండిది, నిష్పత్తి ఎంత, గుమ్మటం ఏ పక్క అన్నది గీసి పెట్టండి. పెయింటు మార్కరు గ్రీజు కడిగేటప్పుడు పోతుంది. తర్వాత విప్పబోయేది ట్రాన్స్‌ఫర్ కేస్.