ఆడకుక్కలో అండాశయ కణితి: గుర్తించడం, తొలగించడం

కుక్కలో ఎద సాధారణంగా మూడు వారాల్లో ముగుస్తుంది. నాలుగో వారం దాటినా మానం వాపు తగ్గక, రక్తస్రావం ఆగకపోతే అండాశయాన్ని అనుమానించాలి. గ్రాన్యులోసా కణాల (అండం చుట్టూ ఉండే కణాల) కణితి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను వదులుతూ ఉంటే ఇలాగే జరుగుతుంది. ఒంటికి రెండు పక్కలా ఒకేలా వెంట్రుకలు కూడా రాలవచ్చు. అడినోకార్సినోమా అనే క్యాన్సర్ కణితి మాత్రం చాలాసార్లు పొట్టలో నీరు చేరేదాకా బయటపడదు. సంతానం కలగకుండా ఆపరేషన్ అయిన కుక్కే కదా అని కొట్టిపారేయకండి. అప్పుడు అండాశయం ముక్క మిగిలిపోయి ఉంటే అందులోనూ కణితి రావచ్చు.

ముందు స్కానింగ్. కణితి చిన్నదైతే కిడ్నీ వెనకాలే కనిపిస్తుంది. పెద్దదైతే బరువుకు కిందికి జారి, ప్లీహం కణితిలా భ్రమింపజేస్తుంది. పలుచని గోడతో నిండా నీరే ఉన్న తిత్తి కణితి కాకపోవచ్చు, కానీ ఎదను అదీ సాగదీస్తుంది. ఎక్స్‌రేలో ఎముక, పన్ను లాంటి ముక్కలు కనిపిస్తే టెరటోమా (రకరకాల కణజాలాలు కలిసి పెరిగే కణితి) కావచ్చు. ఊపిరితిత్తులకు పాకిందేమో చూడటానికి ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రేలు తీయాలి.

బయటి నుంచి కణితిలోకి సూది గుచ్చవద్దు. కణితి పగిలితే క్యాన్సర్ కణాలు పొట్టంతా చిమ్ముతాయి. పొట్టలో నీరుంటే ఆ నీటినే తీసి పరీక్షకు పంపండి.

రక్త పరీక్షలో ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టించే కణాల) సంఖ్య తప్పనిసరిగా చూడాలి. ఎక్కువ రోజులు ఈస్ట్రోజెన్ పడితే ఎముక మజ్జ దెబ్బతింటుంది. ప్లేట్‌లెట్లు మైక్రోలీటరు రక్తానికి 50,000 కన్నా తగ్గితే, ఎక్కించడానికి రక్తం సిద్ధం చేసుకోకుండా ఆపరేషన్‌కు దిగకూడదు.

ఆపరేషన్‌లో రెండు అండాశయాలనూ, గర్భాశయాన్నీ తీసేస్తారు. కోత పొడవుగానే పెట్టాలి. చిన్న కోతలోంచి లాగితే కణితి చిట్లుతుంది. చుట్టూ తడి గాజుగుడ్డ పరిచి, మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) ఎక్కడుందో కళ్లారా చూశాకే క్లాంప్ వేయాలి. పెద్ద కణితి దాన్ని పక్కకు లాగేసి ఉంటుంది, దారంతో పాటు ముడిపడిపోయే ప్రమాదం ఉంది. కాలేయం, ఒమెంటం (పేగులను కప్పే కొవ్వు పొర), పొట్ట లోపలి పొర, లింఫు గ్రంథులు చూసి, అనుమానం ఉన్నచోట ముక్క తీయాలి. పొట్ట మూసేముందు గ్లోవ్స్, పరికరాలు మార్చాలి.

కణితిని అలాగే సీసాలో పడేస్తే కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం లోపలిదాకా చేరక నడిమధ్య కుళ్లిపోతుంది. సెంటీమీటరు మందాన చీరి, పదింతల 10% ఫార్మలిన్‌లో ఉంచి పంపండి.

ఎక్కడికీ పాకని కణితికి చాలాసార్లు ఆపరేషన్‌తోనే సరిపోతుంది. పాకితే కార్బోప్లాటిన్ లాంటి కీమో మందులు సాధారణంగా మూడు వారాలకోసారి ఇస్తారు. ప్రతి డోసుకూ ముందు న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) చూడాలి, తగ్గి ఉంటే వాయిదా వేయాలి.