గెడ్డ పక్కన టీకా సీసాలు, వీధిలో జ్వరాలు: రెండిటికీ లింకుందో లేదో ఎలా తేల్చాలి?

మన వైజాగ్‌లో వానాకాలం ఇది మామూలే. గెడ్డ పొంగి తగ్గాక ఒడ్డున చెత్తంతా బయటపడుద్ది, అందులో నాలుగు చిన్న గాజు సీసాలు, రెండు సిరంజిలు ఉన్నాయంటే ఎవరో ఒకరు ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టేస్తారు, అదే వారంలో వీధిలో ముగ్గురు పిల్లలకి జ్వరం వచ్చిందా ఇంక చెప్పక్కర్లేదు, రాత్రి భోజనాల టైముకల్లా "పారేసిన వ్యాక్సిన్ల వల్లే" అని తీర్పు వచ్చేస్తుంది. అలా అవ్వడానికి వీల్లేదని నేను అనట్లేదు. కాకపోతే తేల్చడానికి ఒక వరస ఉంది, అందులో సగం పని మనమే చేయొచ్చు, మిగతా సగం ల్యాబ్ చెయ్యాలి.

ముందు లేబుల్ చూడండి, చేత్తో మాత్రం ముట్టుకోకండి

సీసాలో మందు కంటే పక్కనున్న సూదే ఎక్కువ డేంజర్. గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెచ్ఐవీ లాంటివాటి భయం ఉంటుంది కాబట్టి వెంటనే సబ్బూ నీళ్లతో కడుక్కుని ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. దూరం నుంచి ఫోన్ జూమ్ చేసి ఫొటో తీయండి: టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, మనుషులదా పశువులదా. ఈ చివరిది చాలామంది చూడరు. పెందుర్తి, ఆనందపురం వైపు కోళ్లూ పాడీ ఉన్నచోట దొరికే సీసా పశువులది కూడా అయ్యుండొచ్చు, అప్పుడు ఆలోచించాల్సిన జబ్బులే వేరు.

ఆ సీసాకి ఆ జబ్బు తెప్పించే శక్తి ఉందా?

ఎక్కువ అనుమానాలు ఇక్కడే ఆగిపోతాయి. టీకాలు అన్నీ ఒకలాంటివి కావు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా), హెపటైటిస్ బి, ఇంజెక్షన్ పోలియో, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకి), కోవాక్సిన్ వీటిలో బతికున్న క్రిమి ఉండదు, సీసాలు వంద పారబోసినా ఆ జబ్బు అంటుకోదు. కోవిషీల్డ్‌లో వైరస్ ఉన్నా అది మన ఒంట్లో పెరగలేదు, పైగా అది కరోనా వైరసే కాదు. బతికున్నవి (బలం తగ్గించినవి) అంటే బీసీజీ, పోలియో చుక్కలు, రోటా, మీజిల్స్-రూబెల్లా. పశువుల్లో చూస్తే గాలికుంటు, గొంతువాపు టీకాలు చంపిన క్రిమివి. కోళ్ల కొక్కెర తెగులుకి ఎక్కువగా వాడేవి లైవ్, కళ్లకి తగిలితే కళ్లకలక రావచ్చు. గేదెలు ఈసుకుపోయే (చూలు జారిపోయే) బ్రూసెల్లోసిస్‌కి 4 నుంచి 8 నెలల ఆడ దూడలకి వేసే ఎస్19 టీకా కూడా లైవే, ఇది మనుషులకి నిజంగా అంటుకోగలదు, టీకా వేసేవాళ్లకి సూది గుచ్చుకుని జబ్బు వచ్చిన కేసులు ఉన్నాయి.

ఇప్పుడు వీధిలో ఉన్న జ్వరం ఏంటో చూడండి. డెంగీనా? మన ప్రభుత్వ టీకాల్లో డెంగీది లేనే లేదు, కాబట్టి సీసాల్ని వదిలేసి ఇంటి మీది డ్రమ్ములు, పూలకుండీల కింద ప్లేట్లు చూసుకోండి. మలేరియా అయినా, లెప్టో (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం) అయినా సీసాలకి సంబంధం లేదు.

లైవ్ టీకా అయినా ఎండలో పడుంటే ఎంతసేపు బతుకుద్ది చెప్పండి. బీసీజీ, మీజిల్స్ టీకాల్ని ఒకసారి కలిపాక 4 గంటలు దాటితే ఫ్రిజ్‌లో పెట్టినా సరే పారేయమనే రూలు.

తేదీలు రాసుకోండి

ఒక నోట్‌బుక్ చాలు. ఎవరికి, ఏ వయసు, ఏ రోజు మొదలైంది, ఏ లక్షణాలు, ఇల్లెక్కడ, సీసాల దగ్గరకి వెళ్లారా, ఈ మధ్య ఏ టీకా వేయించుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పక్కింటివాళ్లని కూడా ఇవే ప్రశ్నలు అడగాలి, ఇది మర్చిపోతారు. జ్వరం వచ్చిన ఐదుగురూ గెడ్డ దగ్గర ఆడారు సరే, జ్వరం రాని ఇరవై మందీ అక్కడే ఆడుంటే ఇంక ఏం రుజువైనట్టు? సీసాలు పడకముందే మొదటి కేసు వచ్చుంటే కథ అక్కడితో అయిపోయింది. బ్రూసెల్లోసిస్ బయటపడ్డానికి మామూలుగా 2 నుంచి 4 వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా, అంటే నిన్న సీసా చూసి ఇవాళ జ్వరం అంటే కుదరదు.

జబ్బు ఏ దారిన వచ్చిందో కూడా చూడాలి. 2019లో చైనాలోని లాంఝౌలో పశువుల బ్రూసెల్లా టీకా తయారుచేసే ఫ్యాక్టరీలో ఎక్స్‌పైర్ అయిన క్రిమిసంహారకం వాడారు, చావని బ్యాక్టీరియా ఫ్యాక్టరీ వదిలే గాలితో బయటకొచ్చింది, గాలి వాలున ఉన్నవాళ్లకి అంటుకుంది, టెస్టుల్లో 10 వేల మందికి పైగా పాజిటివ్ వచ్చారు. కాబట్టి టీకా నుంచి జబ్బు అనేది కట్టుకథేం కాదు. కాకపోతే అక్కడ కేసులు గాలి వాటంలో ఉన్నాయి, మీ లిస్టులో అలాంటి లెక్క ఏదైనా కనపడుతోందా?

తేల్చేది ల్యాబే

మామూలు రక్తపరీక్షలో వచ్చే ఐజీఎం (క్రిమి సోకిన కొత్తలో ఒంట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ చూసి ఊరి వైరసా టీకా వైరసా చెప్పలేం. దానికి క్రిమి జన్యువు చదవాలి. మీజిల్స్ అయితే టీకా వైరస్‌లన్నీ జీనోటైప్ (జన్యు రకం) ఏ, మన దగ్గర తిరిగేవి డీ8, బీ3 లాంటివి, కాబట్టి తేడా తెలిసిపోద్ది. పైగా టీకా మీజిల్స్ ఒకరి నుంచి ఒకరికి అంటినట్టు రుజువైన కేసు లేదు. టీకా వేసిన వారం పది రోజులకి బిడ్డకి కాస్త జ్వరం, దద్దుర్లు వచ్చి టీకా రకమే దొరికితే అది వేయించుకున్న టీకాదే, గెడ్డలోది కాదు.

పోలియో కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. చుక్కలు వేసిన పిల్లల మలంలో వారాలపాటు టీకా వైరస్ బయటకొస్తుంది, అందుకే మురుగునీళ్లలో అది దొరికినంత మాత్రాన ఎవరో సీసాలు పారబోశారని కాదు. మరి ఎలా తెలుస్తుంది? ఆ వైరస్ వయసుని బట్టి. వైరస్ మనుషుల పేగుల్లో తిరిగేకొద్దీ జన్యువు మారుతుంది, సుమారు ఏడాదికి ఒక శాతం. సీసాలోంచి నేరుగా వచ్చినదైతే మార్పులు ఉండవు లేదా ఒకటీ అరా ఉంటాయి. పోలియో వైరస్‌లో మూడు టైపులున్నాయి, దాని జన్యువులో వీపీ1 అనే భాగంలో టైప్ 2కి 6, టైప్ 1, 3లకి 10 మార్పులు అంతకుమించి ఉంటే దాన్ని వ్యాక్సిన్ నుంచి పుట్టిన పోలియోవైరస్ అంటారు, అంటే చాన్నాళ్లుగా మనుషుల్లో తిరుగుతోందని అర్థం, మొన్న పారేసిన సీసాకి దాంతో సంబంధం ఉండదు. 2016 ఏప్రిల్ 25న దేశమంతా టైప్ 2 ఉన్న చుక్కలు ఆపేశారు, ఆ జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగులో ఇలాంటి టైప్ 2 దొరికితే లక్షల మంది పిల్లలకి ఇంజెక్షన్ టీకా వేశారు. 2018లో దీనికి రివర్స్, ఎవరూ వేయని టైప్ 2 యూపీలో పిల్లల మలంలో కనపడితే వెనక్కి వెళ్లి చూశారు, కొన్ని బ్యాచ్‌ల సీసాల్లోనే అది కలిసి ఉంది. బ్యాచ్ నంబరు ఫొటో తీయమన్నది ఇందుకే.

శాంపిల్, ఫిర్యాదు

పదిహేనేళ్ల లోపు పిల్లకి ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఆలోచించొద్దు, కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి: చచ్చుబడిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మల శాంపిళ్లు, ఐస్‌లో పంపాలి. విడవని జ్వరానికి రక్తం కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) ఇచ్చేది యాంటీబయాటిక్ మొదలెట్టకముందే, పశువుల సీసా చూశామని, పశువుల పాకలో పని చేస్తామని డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి, లేకపోతే బ్రూసెల్లా ఎవరికీ గుర్తురాదు.

ఫొటోలూ నోట్‌బుక్కూ వార్డు సచివాలయం హెల్త్ సెక్రటరీకో, ఏఎన్ఎంకో, అర్బన్ పీహెచ్‌సీ డాక్టరుకో ఇచ్చి, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో జబ్బుల నిఘా చూసేవాళ్లకి చేరిందో లేదో కనుక్కోండి. పశువులదైతే పశువుల ఆసుపత్రికి. పారేసినవాళ్ల మీద కంప్లైంట్ జీవీఎంసీకి (మన నగర కార్పొరేషన్‌కి), కాలుష్య నియంత్రణ మండలికి వేరేగా పెట్టండి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం గుర్తు పెట్టెలో, పాడైన మందులు పసుపు సంచిలో పోవాలి, మామూలుగా 48 గంటలకి మించి ఉంచకూడదు. ఎవరికీ జ్వరం రాకపోయినా గెడ్డలో సీసాలు పారెయ్యడం తప్పే, ఆ కంప్లైంట్‌కి ల్యాబ్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు.