గుండె లయ మందులు, నర్సు పని – 4వ పాఠం: డిగాక్సిన్ ఇచ్చే ముందు ఒక నిమిషం

పోయిన పాఠంలో ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను, అంటే గుండె పై గదులు సరిగా కొట్టుకోక వణకడం వల్ల లయ తప్పడాన్ని, గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ రోగి మంచం దగ్గరికి వెళ్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వార్డుల్లో పనిచేసేవాళ్లకు ఈ రోగి కొత్త కాదు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతిన్న ఆడవాళ్లు ఆయాసంతో, కాళ్ల వాపుతో వస్తూనే ఉంటారు. కేస్ షీట్‌లో డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాములు, పక్కనే లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే మందు) రాసి ఉంటుంది.

డిగాక్సిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, గుండె పిండే బలాన్ని పెంచుతుంది. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే ప్రతి డోసుకు ముందూ గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాలి.

మణికట్టు దగ్గర లెక్కపెడితే సరిపోదు. ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో, కాలర్ బోన్ (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) మధ్య నుంచి కిందికి గీత గీస్తే తగిలే చోట స్టెతస్కోపు పెట్టండి. పూర్తిగా 60 సెకన్లు వినండి. పదిహేను సెకన్లు విని నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే లయే తప్పి ఉంది. గుండె నిండకముందే కొట్టిన దెబ్బల్లో కొన్ని చేతి దాకా చేరవు. ఛాతీ దగ్గర 96, మణికట్టు దగ్గర 58 రావచ్చు. మణికట్టు ఒక్కటే చూసిన నర్సు గుండె నెమ్మదించిందనుకొని గోలీ ఆపేస్తుంది, నిజానికి గుండె ఇంకా పరుగెత్తుతూనే ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఆ అంకె చూసి చార్ట్ నింపేయడం మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

పెద్దవాళ్లలో ఛాతీ దగ్గర 60 కంటే తక్కువ ఉంటే గోలీ ఇవ్వకుండా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు వేరే హద్దు రాసి ఉంటే అదే పాటించాలి. ఇంకొకటి, ఇన్నాళ్లూ తప్పుతూ ఉన్న లయ ఉన్నట్టుండి నెమ్మదిగా, గడియారంలా సమంగా వినిపిస్తే బాగైందని సంబరపడకండి. అది డిగాక్సిన్ ఎక్కువైన గుర్తు కావచ్చు. వెంటనే ఈసీజీ తీయించండి.

విషం ముందుగా కడుపులో బయటపడొచ్చు. కాబట్టి గోలీ చేతిలో పెట్టే ముందు మాట్లాడించండి.

“పెద్దమ్మా, పొద్దున ఏమన్న తిన్నవా?”

“అన్నం సయిస్తలేదు బిడ్డా. వాంతికొచ్చినట్టయితుంది. లైటు చుట్టూ పచ్చగ కనవడుతుంది.”

ఈ మూడు మాటలూ ఆమె చెప్పినట్టే రాసి, డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ముసలివాళ్లయితే ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటమూ గుర్తే.

తర్వాత రక్తపరీక్ష చూడండి. లాసిక్స్ వల్ల మూత్రంలో పొటాషియం పోతుంది. పొటాషియం 3.5 కంటే తగ్గితే, మామూలు డోసు డిగాక్సిన్ కూడా విషంలా పనిచేయవచ్చు. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? ఎండలో కూలికి పోయి వాంతులు, విరేచనాలతో వచ్చిన మనిషికి అటు పొటాషియం పడిపోతుంది, ఇటు కిడ్నీలు దెబ్బతిని మందు బయటికి పోదు. ఇలాంటి రోగికి పాత చీటీ చూసి డిగాక్సిన్ కొనసాగించకూడదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం రిపోర్టులు డాక్టరు చూసేదాకా ఆగాలి. కొత్తగా అమియోడరాన్ (గుండె లయకు ఇచ్చే ఇంకో మందు) మొదలైతే రక్తంలో డిగాక్సిన్ పెరుగుతుంది, డోసు తగ్గించాలా అని డాక్టరును అడగండి.

ఇంటికి పంపేటప్పుడు ఇక్కడి చీటీల్లో తరచూ ‘వారానికి ఐదు రోజులు’ అని ఉంటుంది. ఏ రెండు రోజులు మానాలో క్యాలెండర్ మీద సున్నా చుట్టి చూపించండి. చదువు రాకపోతే కొడుకుకో కోడలికో చెప్పండి. మరిచిపోయిన గోలీకి బదులు రెండు కలిపి మింగొద్దనీ చెప్పండి. ముంబైకో పుణెకో వలస పోయే పాలమూరు కుటుంబమైతే చీటీ, ఈసీజీ కాపీ వెంట పెట్టుకొమ్మనండి.

ఈ వారం అభ్యాసం: లయ తప్పిన రోగి ఉంటే, ఒకే గడియారం చూస్తూ మీరు ఛాతీ దగ్గర, మీ తోటి నర్సు మణికట్టు దగ్గర ఒకే నిమిషం లెక్కపెట్టండి. రెండు అంకెలూ, వాటి తేడా నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో అమియోడరాన్ డ్రిప్ ఎలా కలపాలో చూద్దాం.