బడి తోటలో సమస్యలు: ఎక్కడ చూడాలి, ఏం సరిచేయాలి

బడిలో తోట మొదలుపెట్టడం తేలికే. రెండు నెలలు గడిచాక నిలబెట్టుకోవడమే కష్టం. సమస్య మొక్కలో కనిపిస్తుంది గానీ, కారణం చాలాసార్లు పెద్దవాళ్ళం చేసిన ఏర్పాట్లలో ఉంటుంది. అందుకే ఎరువు మార్చే ముందు ఒకసారి ఏర్పాట్లు చూసుకోండి.

సమస్య: విత్తనాలు మొలవడం లేదు, మొలిచినవి రెండాకులకే వాలిపోతున్నాయి

ముందు అనుమానించాల్సింది నీళ్ళని. ఒక్కో తరగతి వచ్చి తలా కాసిన్ని పోసి వెళ్తే సాయంత్రానికి మడి బురదవుతుంది. గాలి ఆడక గింజ లోపలే కుళ్ళిపోతుంది. మొలిచిన నారు మొదలు దగ్గర మెత్తబడి, సన్నబడి ఒరిగిపోతుంది. ఇది నారుకుళ్ళు తెగులు. వాలిన మొక్కను బతికించలేం, మిగతావాటిని కాపాడుకోవచ్చు.

నీళ్ళు పోసే ముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపి చూడమనండి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. వంతులు వేసి పేర్లు బోర్డు మీద రాయండి. ఆ రోజు వంతు ఉన్నవాళ్ళే డబ్బా పట్టుకోవాలి.

తడి సరిగ్గానే ఉందంటే లోతు చూడండి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. ఆవగింజంత చిన్నవైతే పైన పలచగా మట్టి చల్లితే సరిపోతుంది. పిల్లలు ఆత్రంగా తవ్వి చూడకుండా ఉండాలంటే, గాజు గ్లాసు లోపలివైపు తడి కాగితం చుట్టి, కాగితానికీ గాజుకీ మధ్య ఒక బీన్స్ గింజ పెట్టండి. వేరు కిందికి, మొలక పైకి వెళ్ళడం రోజూ కళ్ళారా చూస్తారు.

సమస్య: మొక్క ఏపుగా ఉంది, కాపు లేదు

నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత రాదు. పచ్చి పేడ, యూరియా లాంటివి ఆపేయండి. రెండో కారణం నీడ. కాయ కాసే మొక్కకు రోజూ కనీసం 6 గంటల ఎండ కావాలి. భవనం నీడ ఎక్కడ పడుతోందో పిల్లల చేతే గంటగంటకూ సుద్దతో గీయించండి. నీడ ఎక్కువగా ఉన్నచోట ఆకుకూరలు వేసుకోవచ్చు.

గుమ్మడి, దోస పాదులకు పూలు వచ్చి రాలిపోతుంటే టెన్షన్ పడకండి. మొదట వచ్చేవి సాధారణంగా మగ పూలే. ఆడ పువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది. ఆడ పూలు కూడా రాలిపోతుంటే తేనెటీగలు రావడం లేదనుకోవచ్చు. ఉదయాన్నే మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్దించండి. గుమ్మడి పువ్వు పొద్దున్నే విచ్చుకుని కొన్ని గంటల్లో ముడుచుకుంటుంది కాబట్టి ఈ పాఠం మొదటి పీరియడ్‌లోనే పెట్టుకోవాలి. తాను అద్దిన పువ్వు పిందె కట్టడం చూసిన పిల్లకి పరాగసంపర్కాన్ని మళ్ళీ బట్టీ పట్టించనక్కర్లేదు.

సమస్య: కోతకు వచ్చేసరికి సెలవులు వచ్చేస్తున్నాయి

సెలవుల తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తండి. ఎర్ర ముల్లంగి 25-30 రోజులు, పాలకూర 40 రోజులు, పొద బీన్స్ 50-60 రోజులు, టమాటా నారు నాటాక 60-80 రోజులు తీసుకుంటాయి. వాతావరణాన్ని బట్టి పది రోజులు అటూఇటూ అవుతుంది. మొదటిసారైతే ముల్లంగితోనే మొదలుపెట్టండి. చిన్నపిల్లలు మూడు నెలలు ఎదురుచూడలేరు.

సమస్య: ఇష్టంగా పండిస్తున్నారు, నోట పెట్టడం లేదు

తోట పనిచేయలేదని చాలామంది ఇక్కడే నిరాశపడతారు. తొందరపడకండి. కొత్త రుచికి జంకడం పిల్లల్లో సహజం. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ వయసులో అది మరీ ఎక్కువ. ఒక కూర అలవాటు కావాలంటే కొందరికి పది పదిహేను సార్లు రుచి తగలాలి. మనం రెండోసారికే "వీడు తినడు" అని తేల్చేస్తాం.

జంకుకు మన బలవంతం తోడైతే పని మరింత చెడుతుంది. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అంటే చాక్లెట్ గొప్పది, కూర శిక్ష అని మనమే నేర్పినట్టు. "ఒంటికి మంచిది" అన్న మాట కూడా పిల్లల్ని పెద్దగా కదిలించదు. కోసిన రోజే, కడిగి, చిన్న ముక్క చేతికివ్వండి. వాసన చూసి ఊరుకున్నా పర్వాలేదు, నచ్చకపోతే ఉమ్మేయడానికి కాగితం ఇవ్వండి. బాగుందా లేదా అని కాకుండా, కరకరలాడిందా, ఘాటుగా ఉందా, చేదుగా తగిలిందా అని అడగండి. ఎదురుగా మీరూ తినండి. వారం తర్వాత అదే కూరగాయను పచ్చిగా కాకుండా ఉడికించి, ఆ తర్వాత వేయించి ఇవ్వండి. కడగడం, తరగడం, కలపడం పిల్లలే చేస్తే ఇంకా మేలు. ఎవరికైనా ఆహార అలర్జీ ఉందేమో ముందే ఇళ్ళలో కనుక్కోవాలి, మట్టి ముట్టిన చేతులు సబ్బుతో కడిగించాలి.

సమస్య: అయిదుగురు పనిచేస్తుంటే మిగతా వాళ్ళు చూస్తున్నారు

ఒకే మడి, రెండే పారలు ఉంటే ఇంతే. 19వ శతాబ్దంలో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త తన కిండర్‌గార్టెన్ తోటలో ప్రతి పిల్లవాడికీ సొంత మడి, దాని చుట్టూ అందరిదీ అయిన మడి ఉండాలన్నాడు. స్థలం లేకపోతే నలుగురికో కుండీ ఇచ్చినా ఆ ఫలితం చాలావరకు వస్తుంది. తరగతి మొత్తాన్ని ఒకేసారి దింపకండి: ఒక జట్టు కలుపు తీస్తే, ఇంకొకటి ఎత్తు కొలుస్తుంది, మూడోది బొమ్మ గీస్తుంది.

సమస్య: ఆకుల కింద పేనుబంక

పేనుబంక అంటే గుంపుగా చేరి ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు. బడిలో పురుగుమందు కొట్టొద్దు. గట్టిగా నీళ్ళు చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. అక్షింతల పురుగులు కనిపిస్తే వాటిని కదపకండి, పేనుబంకను తినేది అవే.

సమస్య: "సిలబస్ వెనకబడుతోంది"

తోటను అదనపు పనిగా పెట్టుకుంటే ఈ మాట నిజమే. టైమ్‌టేబుల్లో ఉన్న పాఠాన్నే బయటికి తీసుకెళ్ళండి. మడి వైశాల్యం, మొక్క ఎత్తు గ్రాఫు, వారం వారం కోత బరువు లెక్కల పీరియడ్‌లో చేయించవచ్చు. పూతకొచ్చిన బీన్స్ మొక్కను జాగ్రత్తగా పెకలించి వేళ్ళు కడిగితే బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే, అక్కడి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందన్నమాట.

ఇదంతా ఒక్క టీచరు భుజాల మీదే నడుస్తుంటే, ఆయన వెళ్ళిపోగానే మడి కలుపుతో నిండుతుంది. విత్తిన తేదీ, రకం, కోత తేదీ రాసే పుస్తకాన్ని పైతరగతి పిల్లలకు అప్పగించండి. ఏడాది చివర వాళ్ళే కింది తరగతికి విత్తనాలు, పుస్తకం ఇచ్చి నేర్పాలి.