మామిడి కోతల నెలల్లో పిడుగుల జాగ్రత్తలు

మబ్బు తునక లేని రోజున కూడా గాలిలో విద్యుత్తు ఉంటుంది. నేల దగ్గర మీటరు ఎత్తుకు సుమారు 100 వోల్టుల తేడా. దానితో మనకు ఏ హానీ లేదు. ఉరుముల మబ్బు నెత్తిమీదికొస్తే అదే వేల వోల్టులవుతుంది. మన దగ్గర ఈ బెడద ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. అదీ నేల బాగా కాగాక, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా. ముసురు పట్టే రోజుల్లో వాన ఎక్కువైనా పిడుగులు సాధారణంగా తక్కువే.

అందుకే కోతలు తెల్లారగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముగించేలా కూలీలతో ముందే మాట్లాడుకోండి. కల్లంలో ధాన్యం ఉంటే టార్పాలిన్ ముందే కప్పండి. ఉరిమాక మాత్రం కప్పడానికి పరిగెత్తొద్దు. తడిస్తే ధర తగ్గుతుంది, నిజమే, కానీ ఆ నష్టం భరించగలిగేదే.

చినుకులు పడ్డాక వెళ్దాంలే అనుకోవద్దు. వాన పడేచోటుకు 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు. ఉరుము వినబడిందంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే. మెరవగానే ‘అర్జునా, ఫల్గుణా’ అనుకోవడం మనకు అలవాటు, అనుకుంటూనే నడవండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రావొద్దు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన ‘దామిని’ యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే ఫోన్‌లో హెచ్చరిస్తుంది. ఫోన్ జేబులో ఉంటే పిడుగు పడుతుందన్నది అపోహే. ఛార్జింగ్‌లో పెట్టి మాట్లాడటం ప్రమాదం.

అన్నిటికన్నా చెడ్డ చోటు చెట్టు కింద. మామిడైనా, వేపైనా, తాడైనా, దానిమీద పడిన పిడుగు కాండం నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. గొర్రెల మంద ఒక్క దెబ్బకు పడిపోయేది అందుకే: ముందుకాళ్లకూ వెనక్కాళ్లకూ మధ్య ఎడం వల్ల కరెంటు ఒంట్లోంచి పోతుంది. మంచె, పాక కూడా కాపాడవు. పక్కా ఇల్లు, బడి, అద్దాలు ఎత్తిన కారు, బస్సు మంచివి. బోరు స్టార్టర్ డబ్బా, ఇనుప కంచె ముట్టుకోవద్దు.

ఏ దాపూ దొరక్కపోతే ఒకరికొకరు దూరంగా, పాదాలు రెండూ కలిపి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు.

పిడుగు తగిలినవాళ్ల ఒంట్లో కరెంటు మిగలదు, భయపడకుండా ముట్టుకోండి. 108కి ఫోన్ చేయించి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.