పాలనా సంస్కరణల కమిషన్ నివేదికను ఎలా చదవాలి?

గ్రూప్-1కి చదివేవాళ్లు ప్రభుత్వం పనిచేసే తీరు ఎలా మార్చాలో చెప్పడానికి కేంద్రం వేసిన రెండో పాలనా సంస్కరణల కమిషన్ ఇచ్చిన 15 నివేదికల పేర్లూ వరసగా అప్పజెప్పేస్తారు, అదే 13వ నివేదికలో చెప్పింది ఏమైంది అని అడిగితే మాత్రం ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, ఆ నివేదికల్ని చదివే పద్ధతి ఎవరూ చెప్పరు. నేను చెప్పే పద్ధతి ఒక్కటే: ప్రతి సిఫార్సు దగ్గరా ఆగి, ఇది జరగాలంటే ఎవరి సంతకం కావాలి అని చూడండి.

నివేదికలన్నీ కేంద్ర పాలనా సంస్కరణల శాఖ వెబ్‌సైట్లో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. ముందుగా కమిషన్‌ను వేసిన తీర్మానం చదవండి. వీరప్ప మొయిలీ అధ్యక్షతన 2005 ఆగస్టు 31న వేసిన ఈ కమిషన్‌లో లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు కూడా సభ్యులు. రక్షణ, రైల్వే, విదేశీ వ్యవహారాలు, కేంద్ర రాష్ట్ర సంబంధాల లాంటివి లోతుగా చూడక్కర్లేదని ఆ తీర్మానంలోనే మినహాయించారు. ఈ సంగతి తెలియకపోతే రైల్వే సంస్కరణల కోసం వందల పేజీలు ఊరికే తిరగేస్తారు.

తర్వాత తిన్నగా నివేదిక చివరికి వెళ్లండి. సిఫార్సులన్నీ అక్కడ పేరా నంబర్లతో ఉంటాయి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకుని ప్రతి సిఫార్సునీ ఏదో ఒకదాంట్లో వేయండి: కేంద్రం ఉత్తర్వు ఇస్తే చాలు, పార్లమెంటు చట్టం కావాలి, రాజ్యాంగ సవరణ కావాలి, రాష్ట్రాల చేతిలో ఉంది. విసుగ్గానే ఉంటుంది, కానీ అసలు చదువంతా ఇక్కడే. 1966లో మొదటి పాలనా సంస్కరణల కమిషన్ అవినీతి ఫిర్యాదులు చూసే లోక్‌పాల్ ఉండాలని చెప్పింది, అది చట్టం గడిలో పడే సిఫార్సు. 1968లో మొదటి బిల్లు వచ్చింది, చట్టం అయ్యేసరికి 2013 దాటింది, మొదటి లోక్‌పాల్‌గా జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ వచ్చింది 2019లో. అదే కమిషన్ రాష్ట్రాలకు లోకాయుక్త కూడా ఉండాలంది, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే ఆ చట్టం చేసుకుంది. ఆలోచన ఒక్కటే, సంతకం పెట్టే చెయ్యి మారింది.

అయితే ఉత్తర్వు చాలు అన్న గడిలో పడిందల్లా సులువు అనుకోకండి. కేంద్ర మంత్రిత్వ శాఖల సంఖ్యను 20-25 మధ్యకు తగ్గించవచ్చని 13వ నివేదిక చెప్పింది. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఏ పని ఏ శాఖదో చెప్పే 1961 నాటి కార్యకలాపాల కేటాయింపు నియమాలు మారిస్తే సరిపోతుంది. అయినా జరగలేదు. శాఖలు తగ్గితే మంత్రి పదవులు తగ్గుతాయి, సంకీర్ణ ప్రభుత్వంలో అయితే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. 2019లో రెండు నీటి శాఖల్ని కలిపి జలశక్తి శాఖ చేయడం లాంటివి అక్కడక్కడా జరిగాయి, అంతే. కాబట్టి గడి పక్కనే ఇంకో మాట కూడా రాసుకోండి: దీనివల్ల కుర్చీ పోయేది ఎవరికి?

అమెరికాతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అధ్యక్షుడు ట్రూమన్ కాలంలో ప్రభుత్వ శాఖల సంస్కరణ కోసం వేసిన హూవర్ కమిషన్ నివేదికలిచ్చిన 1949లోనే అక్కడి కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, అధ్యక్షుడు పునర్వ్యవస్థీకరణ ప్రణాళిక పంపితే 60 రోజుల్లో ఏదో ఒక సభ తిరస్కరించకపోతే అది అమల్లోకి వచ్చేస్తుంది. దారి ముందే వేశారు, అందుకే సిఫార్సులు చాలావరకు కదిలాయి. ప్రభుత్వ ఖర్చు తగ్గించే దారులు చెప్పమని అధ్యక్షుడు రీగన్ వేసిన గ్రేస్ కమిషన్ 1984లో 2,478 సిఫార్సులు చేసి మూడేళ్లలో 42,400 కోట్ల డాలర్లు మిగుల్తాయంది. పెద్ద పొదుపులు చాలావాటికి కాంగ్రెస్ ఒప్పుకోవాలి, పైగా కాంగ్రెస్ తరఫు నిపుణులు లెక్క చూస్తే వచ్చిన మొత్తం చాలా తక్కువ. పొదుపు అంకె కనిపించగానే అది ఎన్నేళ్లకు, ఎవరు ఒప్పుకుంటే, ఎవరు సరిచూశారు అని అడగండి.

చివరగా అమలు సంగతి. మన దగ్గర మంత్రుల బృందం ఒక్కో సిఫార్సునీ చూసి "ఆమోదించాం" అని రాసింది, దాన్ని "అమలైంది" అని చదవకండి, ఆ రెండింటి మధ్య ఏళ్లు గడిచిపోతాయి. ఉత్తర్వు నంబరు, తేదీ దొరికితేనే అమలైనట్టు. దొరకకపోతే 10 రూపాయలు కట్టి ఆన్‌లైన్లో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు, అందుకని ఇలా రాయండి: "13వ నివేదికలో ఫలానా పేరా సిఫార్సుపై తీసుకున్న నిర్ణయం, ఉత్తర్వు నంబరు, తేదీ, సంబంధిత ఫైలు నోటింగుల ప్రతులు ఇవ్వగలరు." ఒక దరఖాస్తులో రెండు మూడు సిఫార్సులకు మించి అడగవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు, కేంద్ర శాఖల్లో దానికి ఫీజు లేదు.