డిస్లెక్సియా ఉన్నవాళ్ళు తమ మాటలో తాము రాయడం ఎలా?

డిస్లెక్సియా అంటే చదవడం, అక్షరాలు తప్పుల్లేకుండా రాయడం కష్టమవడం. నాకూ ఉంది. రాయడానికి ఒక ఫోను, వెడల్పు గీతల నోటుపుస్తకం, పెన్ను ఉంటే చాలు. పెన్సిల్ వద్దు, చెరపాలనిపిస్తుంది.

ముందు రాయకండి, చెప్పండి. మీకు జరిగిన సంగతి ఒక్కటి ఎంచుకుని, అక్కకు చెప్పినట్టు రెండు నిమిషాలు రికార్డు చేయండి. వాయిస్ టైపింగ్ మాత్రం వాడకండి. మీరు ఒక మాట అంటే అది ఇంకో మాట వేస్తుంది. అదీ అసలు మాటలాగే కనబడుతుంది కాబట్టి మన కంటికి దొరకదు.

ఇప్పుడు అసలు చిక్కు. రికార్డింగ్ ఆపుతూ, వింటూ ఒక్కో వాక్యం కాగితం మీద పెట్టాలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. తప్పు పోతుందన్న భయంతో నోటికొచ్చిన మాట వదిలేసి, రాయడం వచ్చిన మాట రాసేస్తారు.

నా సంగతే చెప్తాను. మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో పనిచేసేవారు. ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే అమ్మా నేనూ దగ్గుతూనే ఉండేవాళ్ళం. "చొక్కా ఘాటుకి గొంతు పట్టేసింది" అని రికార్డింగులో అన్నాను. కాగితం మీద మాత్రం "నాన్న చొక్కా కారంగా ఉంది" అని ఉంది. నాకు ఘ, ఝ తారుమారవుతాయి. ఆ టెన్షన్‌లో ఘాటు వదిలేసి కారం రాశాను. ఆ వాక్యంలో మా నాన్న లేరు.

అందుకే మాట మార్చొద్దు. ఒత్తు గుర్తురాకపోతే ఒత్తు లేకుండానే రాసి, సున్నా చుట్టి ముందుకెళ్ళండి. ఉక్రోషం వచ్చిందంటే "ఉకోశం" అని రాసినా పర్వాలేదు, కోపం అని రాయొద్దు. వెనక్కి చూడకండి. రోజుకు ఐదారు వాక్యాలు చాలు.

ఒకే మాట వందసార్లు రాయిస్తే అదే వస్తుందనేవాళ్ళు ఇంకా ఉన్నారు. నా చిన్నప్పుడు బడిలో అలాగే రాయించారు, వందోసారీ తప్పే వచ్చింది. డిస్లెక్సియా బద్ధకం కాదు. శబ్దాన్ని అక్షరంతో కలిపే చోట మెదడు పనిచేసే తీరే వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా దీన్ని గుర్తించింది.

మర్నాడు ఇంకొకరితో దిద్దించుకోండి. అక్షరాలే దిద్దాలి, వాక్యం ముట్టుకోకూడదని ముందే చెప్పండి. "గొంతు పట్టేసింది" తీసేసి "శ్వాసకు ఇబ్బంది కలిగింది" అని పెట్టేవాళ్ళకు అసలు ఇవ్వకండి. దిద్దాక వాళ్ళనే పైకి చదవమనండి, మీరు కళ్ళు మూసుకుని వినండి. మీరు అనని మాట ఎక్కడ వినబడితే అక్కడ ఆపించి, రికార్డింగ్ మళ్ళీ పెట్టుకోండి.